నీళ్ళు మరుగుతున్నాయి, థర్మామీటర్ మాత్రం 97.7 దగ్గరే ఆగింది: తప్పు ఎక్కడ?

నీలిమంట | శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. వారాంతాల్లో కొందరు పిల్లలను కూర్చోబెట్టి చిన్న చిన్న సైన్స్ ప్రయోగాలు చేసి చూపిస్తుంటాను. ఈరోజు "నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది" అని చూపిద్దామని స్టీలు గిన్నెలో నీళ్ళు పెట్టి, కొత్తగా కొన్న డిజిటల్ థర్మామీటర్ ముంచాను. నీళ్ళు తెర్లిపోతున్నాయి, ఆవిరి కమ్మేస్తోంది, అంకె మాత్రం 97.7 దాటలేదు. మంట పూర్తిగా పెంచాను. 98.3కి ఒకసారి ఎగిరింది, మళ్ళీ 97.6కి దిగింది. పది నిమిషాలు అలాగే నిలబడ్డాం.

"పుస్తకం తప్పా, థర్మామీటర్ తప్పా?" అని ఒక పిల్ల అడిగింది. వచ్చే వారం చెబుతానన్నాను. నాకూ నిజంగా తెలుసుకోవాలని ఉంది. నేనుండే చోటు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తు. దాని ప్రభావం ఇంత ఉంటుందా?

వేడిసెగ | శనివారం, రాత్రి 9:32

థర్మామీటర్ మార్చేయండి. చవకరకం డిజిటల్‌వి రెండు మూడు డిగ్రీలు తేడా చూపించడం మామూలే. కావాలంటే కాస్త ఉప్పు వేసి చూడండి, ఉప్పు వేస్తే మరిగే స్థానం పెరుగుతుంది, 100 దాటొచ్చు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నా తేడా వస్తుందని విన్నాను.

బాష్పం | శనివారం, రాత్రి 10:05

నీలిమంట గారూ, థర్మామీటర్‌ను ఇప్పుడే పారేయకండి. మీరు చూసిన దానిలో ఎక్కువ భాగం నిజం.

ముందు మరగడం అంటే ఏమిటో ఒకసారి చూద్దాం. నీటిలోంచి అణువులు ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటాయి. అలా పోయే ఆవిరి తోసే బలమే బాష్పపీడనం. 20 డిగ్రీల దగ్గర అది 2.3 కిలోపాస్కల్స్ మాత్రమే. 50 దగ్గర 12, 80 దగ్గర 47, 90 దగ్గర 70. వేడి పెరిగేకొద్దీ ఎంత వేగంగా ఎగబాకుతోందో చూడండి. నీటి లోపల ఒక ఆవిరి బుడగ పుట్టిందనుకోండి, పైనున్న గాలి దాన్ని నలిపేయాలని చూస్తుంది. లోపలి ఆవిరి పీడనం బయటి పీడనానికి సమానమయ్యే దాకా ఆ బుడగ బతకదు. సమానమైన క్షణం నుంచి నీటి లోపల ఎక్కడైనా బుడగ పెరగగలదు. అదే మరగడం.

కాబట్టి 100 అనే అంకె నీటిది ఒక్కదానిదే కాదు. నీటికీ, దాని మీద ఉన్న గాలికీ కుదిరిన ఒప్పందం అది. గాలి పీడనం 101.325 కిలోపాస్కల్స్, అంటే 1013 హెక్టోపాస్కల్స్ ఉన్నప్పుడు ఆ ఒప్పందం 100 దగ్గర కుదురుతుంది. 540 మీటర్ల ఎత్తులో మామూలుగా 950 ప్రాంతంలో ఉంటుంది. 100 డిగ్రీలకు దగ్గరలో ప్రతి 35 హెక్టోపాస్కల్స్ తగ్గుదలకు ఒక డిగ్రీ తగ్గుతుందని గుర్తు పెట్టుకుంటే చాలు. మీ దగ్గర నీళ్ళు సుమారు 98.2 దగ్గర మరగాలి.

అంటే థర్మామీటర్ తప్పు మహా అయితే అర డిగ్రీ.

నీలిమంట | శనివారం, రాత్రి 10:21

చాలా థాంక్స్ అండి. కానీ ఇప్పుడే ఫోన్‌లో వాతావరణ సమాచారం చూశాను. ఈరోజు మా దగ్గర పీడనం 1010 అని ఉంది. 950 కాదు. మీ లెక్క ప్రకారం అయితే నీళ్ళు 99.9 దగ్గర మరగాలి కదా? మళ్ళీ మొదటికొచ్చాను.

బాష్పం | శనివారం, రాత్రి 10:40

మంచి చోట ఆగారు. ఈ పొరపాటు నేనూ చేశాను, నా విద్యార్థులూ ఏటా చేస్తారు.

వాతావరణ నివేదికల్లో ఇచ్చేది సముద్రమట్టానికి సరిచేసిన పీడనం. కొండ మీది ఊరికీ తీరంలోని ఊరికీ పోలిక కుదరాలంటే ఎత్తు వల్ల వచ్చే తేడాను తీసేయాలి. లేకపోతే పటంలో ప్రతి కొండా ఒక అల్పపీడనంలా కనిపిస్తుంది. అందుకని "ఈ ఊరు సముద్రమట్టంలో ఉండి ఉంటే పీడనం ఎంత" అని లెక్కగట్టి ఇస్తారు. మీ గిన్నెలోని నీటికి ఆ లెక్క తెలియదు. దాని మీద నిజంగా ఎంత గాలి బరువుందో అదే దానికి కావాలి.

కొన్ని ఫోన్లలో భారమితి, అంటే గాలి పీడనం కొలిచే సెన్సర్ ఉంటుంది. దాన్ని చూపించే యాప్ పెట్టుకుంటే సరిచేయని, అసలు పీడనం తెలుస్తుంది.

నీలిమంట | శనివారం, రాత్రి 10:52

మా తమ్ముడి ఫోన్‌లో ఉంది! 951 చూపిస్తోంది. ఆ పిల్లకు ఈ ఒక్క ముక్క చెప్పినా చాలు.

రసాయనశాల | ఆదివారం, ఉదయం 7:15

ల్యాబ్‌లో థర్మామీటర్లు సరిచూడడం నా రోజువారీ పని, అందుకని నాలుగు మాటలు.

మొదట మంచుతో మొదలుపెట్టండి. మంచును బాగా నలగ్గొట్టి గ్లాసు నిండా పోసి, సందులు నిండేంత మటుకే చల్లటి నీళ్ళు పోయండి. ఐదు నిమిషాలు ఆగి, కలుపుతూ చూడండి. అది 0 చూపాలి. గాలి పీడనం మారినా మంచు కరిగే స్థానం కదలదు. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం ఎంతో అంత అదనంగా పెంచినా డిగ్రీలో నూరో వంతు కూడా మారదు. అందుకే అది నమ్మకమైన గుర్తు. ఎత్తు లెక్కలు అక్కర్లేదు.

రెండోది, మీరు థర్మామీటర్ కొనను ఎక్కడ పెట్టారు? గిన్నె అడుగున పెడితే మంట వేడికి అక్కడి నీరు ఎక్కువ చూపిస్తుంది. పైగా లోతు వల్ల కూడా పీడనం పెరుగుతుంది. 20 సెంటీమీటర్ల నీరు దాదాపు 20 హెక్టోపాస్కల్స్ కలుపుతుంది, అంటే అర డిగ్రీకి పైనే. మీ అంకె 97.6కీ 98.3కీ మధ్య గెంతడం అందుకే. మరుగుతున్న నీరంతా ఒకే వేడిలో ఉండదు.

కొనను నీళ్ళలో కాకుండా, నీటికి కాస్త పైన, ఆవిరిలో పెట్టండి. గిన్నె మీద మూత వదులుగా వేయండి, బిగించొద్దు. కొన మీద ఆవిరి నీటిబొట్లుగా కట్టి కారుతూ ఉండాలి. అప్పుడు అంకె కదలకుండా నిలుస్తుంది. ఆవిరి చేతికి తగలనివ్వకండి, పిల్లలుంటే మరీ జాగ్రత్త.

వేడిసెగ | ఆదివారం, ఉదయం 8:02

ఆవిరిలో పెడితే నీటి ఉష్ణోగ్రత ఎలా తెలుస్తుందండీ? ప్రశ్న నీటి గురించి కదా. ఉప్పు సంగతి కూడా ఎవరూ మాట్లాడలేదు. నేను చాలాసార్లు చూశాను, కాగుతున్న నీళ్ళలో ఉప్పు వేయగానే ఒక్కసారిగా పొంగుతాయి. అంటే ఉప్పుతో త్వరగా మరుగుతున్నట్టే కదా?

రసాయనశాల | ఆదివారం, ఉదయం 8:50

ఉప్పు సంగతి ముందు. ఉప్పు కరిగితే మరిగే స్థానం పెరుగుతుంది, మీరు చెప్పింది నిజం. ఎంత పెరుగుతుందన్నదే ముఖ్యం. కిలో నీటికి 58 గ్రాముల ఉప్పు వేస్తే పెరిగేది ఒక్క డిగ్రీ. ఒక లీటరుకు చెంచాడు ఉప్పు వేస్తే డిగ్రీలో పదో వంతు. సముద్రపు నీటికి సుమారు అర డిగ్రీ. ఇక కరగలేనంత ఉప్పు కుమ్మరించినా 109 దాటదు. చక్కెర అయితే ఇంకా తక్కువ, కిలో నీటిలో 342 గ్రాములు కరిగించినా అర డిగ్రీయే. ఉప్పు నీటిలో సోడియం, క్లోరైడ్ అని రెండుగా విడిపోతుంది, చక్కెర విడిపోదు. కరిగినది ఏమిటన్నది కాదు, ఎన్ని కణాలయ్యాయన్నదే లెక్క.

వేయగానే పొంగడం వేరే విషయం. ఉప్పు రేణువుల గరుకు అంచుల దగ్గర బుడగలు పుట్టడానికి చోటు దొరుకుతుంది. అప్పటికే మరగడానికి సిద్ధంగా ఉన్న నీరు ఆ సందు చూసుకుని ఒక్కసారిగా ఆవిరవుతుంది. శుభ్రమైన ఇసుక వేసినా అదే జరుగుతుంది. ఇసుక కరగదు, మరిగే స్థానాన్ని మార్చదు.

ఆవిరిలో ఎందుకు పెట్టాలన్న దానికి పాతపుటలు గారు వస్తే బాగా చెబుతారు. ఆ చరిత్ర ఆయనకు ఇష్టం.

బాష్పం | ఆదివారం, ఉదయం 9:20

తేమ గురించి ఒక్క ముక్క. తేమ వల్ల మారేది ఇగరడం, మరగడం కాదు. గాలిలో తేమ ఎక్కువైతే తడి బట్ట ఆలస్యంగా ఆరుతుంది. కానీ బుడగను నలిపేది మొత్తం పీడనం. ఆ పీడనంలో ఆవిరి వాటా ఎంత, నైట్రోజన్ వాటా ఎంత అని బుడగ చూడదు.

పాతపుటలు | ఆదివారం, ఉదయం 11:30

పిలిచారు కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

నీటి మరిగే స్థానం స్థిరమైన గుర్తు అని మనం చిన్నప్పుడే ఒప్పేసుకుంటాం. థర్మామీటర్లు తయారుచేసిన తొలితరం వాళ్ళకు అది పెద్ద తలనొప్పి. అది గాలి పీడనంతో మారుతుందని ఫారెన్‌హీట్‌కు 1720ల్లోనే తెలుసు. సెల్సియస్ 1742లో తన కొలమానం ప్రకటించినప్పుడు భారమితి ఎంత ఉండాలో కూడా చెప్పాడు. ఆయన కొలమానం తలకిందులు: నీరు మరిగేది 0, మంచు కరిగేది 100. తర్వాత తిరగేశారు.

పీడనం సరిచేసినా గొడవ తీరలేదు. జెనీవాకు చెందిన దెల్యూక్ అనే ఆయనకు ఒక అనుమానం వచ్చింది. నీటిలో కరిగి ఉన్న గాలే బుడగలకు విత్తనమైతే, ఆ గాలిని పూర్తిగా తీసేస్తే ఏమవుతుంది? గాలి పోవడం కోసం నీరున్న గాజుపాత్రను నాలుగు వారాల పాటు ఊపుతూనే ఉన్నాడు. నిద్రపోయేటప్పుడు తప్ప దాన్ని దాదాపు చేతిలోంచి దించలేదట. ఆ నీటిని వేడిచేస్తే 112 డిగ్రీల దాకా మరగలేదు, తర్వాత ఒక్కసారిగా పేలినట్టు ఎగసింది. తర్వాత గే లుసాక్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గాజుపాత్రలో నీరు లోహపు పాత్రలో కన్నా ఒక డిగ్రీకి కాస్త పైగా ఎక్కువ వేడి దగ్గర మరగడం చూశాడు. గాజు నున్నగా ఉంటుంది, బుడగ పుట్టడానికి గీతలూ గుంటలూ తక్కువ.

మరి స్థిరమైన గుర్తు ఎక్కడ? 1777లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంస్థ రాయల్ సొసైటీ నియమించిన సంఘం, శాస్త్రవేత్త కావెండిష్ అధ్యక్షతన, దీనికి దారి చూపింది. థర్మామీటర్‌ను నీళ్ళలో ముంచకండి, ఆవిరిలో పెట్టండి అంది. నీరు తన పాత్రను బట్టి, శుభ్రతను బట్టి వేషాలు మారుస్తుంది. పైన ఆవిరి మళ్ళీ నీరుగా కట్టే చోట ఆవిరీ నీరూ పక్కపక్కనే ఉంటాయి, కొత్తగా బుడగ పుట్టాల్సిన పనే లేదు. అక్కడి ఉష్ణోగ్రత పీడనం చెప్పినట్టే వింటుంది. దెల్యూక్ కూడా ఆ సంఘంలో సభ్యుడే. తన ప్రయోగాల ఇబ్బందికి తానే పరిష్కారంలో భాగమయ్యాడు. నాకు ఈ కథలో బాగా నచ్చేది అదే.

నిదానం | ఆదివారం, మధ్యాహ్నం 1:05

దెల్యూక్ గారి నీళ్ళు మా వంటింట్లో పేలాయి. హెచ్చరికగా రాస్తున్నాను.

మైక్రోవేవ్‌లో నున్నటి గాజుకప్పులో నీళ్ళు పెట్టాను. మరిగినట్టు కనిపించలేదు. చల్లారిన తర్వాత మళ్ళీ అదే నీటిని పెట్టాను. బయటికి తీస్తే అద్దంలా కదలకుండా ఉంది. చెంచా పెట్టానో లేదో సగం కప్పు నీళ్ళు నా మణికట్టు మీదికి చిమ్మాయి. మచ్చ మానడానికి నెలన్నర పట్టింది. మొదటిసారి వేడి చేసినప్పుడు కరిగిన గాలి పోయిందని, అందుకే రెండోసారి మరీ ప్రమాదమని తర్వాత తెలిసింది. పొయ్యి మీద అడుగు వేడెక్కి అక్కడ బుడగలు పుడతాయి, మైక్రోవేవ్‌లో నీరే వేడెక్కుతుంది.

వేడిచేసే ముందే ఒక చెక్క పుల్ల కప్పులో వేయండి. బయటికి తీసే ముందు అర నిమిషం ఆగండి. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

రసాయనశాల | ఆదివారం, మధ్యాహ్నం 1:20

చాలా ముఖ్యమైన విషయం రాశారు. ల్యాబ్‌లో ఫ్లాస్కు వేడిచేసే ముందు పింగాణీ ముక్కలు వేసేది ఇందుకే. మరిచిపోతే, ఇప్పటికే వేడెక్కిన ద్రవంలో మాత్రం వేయకూడదు. పూర్తిగా చల్లార్చి అప్పుడు వేయాలి.

కొండదారి | ఆదివారం, సాయంత్రం 6:40

ఎత్తు మాట వచ్చింది కాబట్టి. నేను కొండలెక్కుతాను. మొదట్లో ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుందనేది మాకు నోటి లెక్క. ఎవరెస్టు శిఖరం మీద, 8848 మీటర్ల దగ్గర, గాలి పీడనం కింద ఉన్నదాంట్లో మూడో వంతే, నీరు 71 డిగ్రీల ప్రాంతంలోనే మరుగుతుంది. మృత సముద్రం ఒడ్డు సముద్రమట్టానికి దాదాపు 430 మీటర్లు దిగువన ఉంటుంది, అక్కడ 101 దాటుతుంది.

దీన్ని తిరగేస్తే ఎత్తు కొలవొచ్చు. నీరు ఎంత దగ్గర మరిగిందో చూసి ఎత్తు చెప్పే పరికరాలు పాతకాలపు సర్వేల్లో ఉండేవి. 1866లో రహస్యంగా టిబెట్‌లోని లాసా చేరిన నైన్ సింగ్ అనే సర్వేయరు ఆ నగరం ఎత్తును నీళ్ళు మరిగించే లెక్కగట్టాడు. థర్మామీటర్ కూడా దాచుకుని తీసుకెళ్ళాల్సిన పరిస్థితి. ఒక్క డిగ్రీ తప్పు చూస్తే ఎత్తులో 300 మీటర్లు తేడా వస్తుంది. ఆ చలిలో, ఎవరూ చూడకుండా, డిగ్రీలో పదో వంతుల కోసం ఆయన ఎంత ఓపిక పట్టి ఉంటాడో తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది.

కొత్తగా కొండలెక్కేవాళ్ళకు: తాగే నీటిని శుద్ధి చేయడానికి ఒక నిమిషం బాగా మరిగిస్తే చాలు. 2000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు మరిగించమంటారు.

వేడిసెగ | ఆదివారం, రాత్రి 8:15

తేమ విషయంలో నేను విన్నది తప్పని ఒప్పుకుంటున్నాను. ఇంకొక్క సందేహం. మంట ఎంత పెంచినా ఉష్ణోగ్రత పెరగలేదన్నారు నీలిమంట గారు. మరి ఆ వేడంతా ఎక్కడికి పోయింది?

బాష్పం | ఆదివారం, రాత్రి 8:45

ఆవిరితో పాటు పోయింది. కిలో నీటిని 20 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 335 కిలోజౌళ్ళు పడతాయి. ఆ 100 డిగ్రీల నీటిని ఆవిరి చేయడానికి 2257. ఆరు రెట్లకు పైనే! దీన్నే గుప్తోష్ణం అంటాం. అణువులు ఒకదాన్నొకటి పట్టుకున్న పట్టు వదిలించడానికి అదంతా ఖర్చవుతుంది. మంట పెంచితే నీరు ఇంకా వేడెక్కదు, త్వరగా అయిపోతుంది. ఒకసారి మరిగిన తర్వాత మంట తగ్గించినా వేడి అదే. ఆవిరి తగిలితే మరుగునీటి కన్నా ఎక్కువ గాయం చేసేది కూడా ఇందుకే, చర్మం మీద నీరుగా మారుతూ ఆ వేడంతా అక్కడే వదులుతుంది.

ఆ పట్టు ఎంత గట్టిదంటే, మూలకాల పట్టికలో ఆక్సిజన్‌కు కింది వరుసలో ఉన్న గంధకంతో చేసిన హైడ్రోజన్ సల్ఫైడ్ సున్నాకు దిగువన 60 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. అణువు బరువు చూస్తే నీరు అంతకన్నా ముందే మరగాలి. నీటి అణువుల మధ్య ఆ పట్టునే హైడ్రోజన్ బంధాలు అంటాం, అవి లేకపోతే భూమ్మీద ద్రవరూపంలో నీరే ఉండేది కాదు.

చుక్కనీరు | ఆదివారం, రాత్రి 9:30

ఇంటర్ చదువుతున్నానండి. పీడనం ఇంకా ఇంకా తగ్గిస్తే గది వేడికే మరుగుతుందా? పెంచుతూ పోతే హద్దు లేదా?

బాష్పం | ఆదివారం, రాత్రి 10:10

తప్పకుండా మరుగుతుంది. నువ్వే చూడొచ్చు. సూది లేని పెద్ద సిరంజిలో నాలుగో వంతు 60 డిగ్రీల నీళ్ళు తీసుకో, లోపల గాలి లేకుండా చూసుకుని మూతి గట్టిగా మూసి, ముషలకాన్ని, అంటే లోపలి కడ్డీని వెనక్కి లాగు. నీరు కుతకుతలాడుతుంది. వదిలితే ఆగిపోతుంది. చేతులు కాలకుండా చూసుకో, పక్కన పెద్దవాళ్ళను ఉంచుకో. నేలకు 19 కిలోమీటర్ల పైన పీడనం ఎంత పడిపోతుందంటే నీరు 37 డిగ్రీలకే, అంటే మన ఒంటి వేడికే మరుగుతుంది. ఆ ఎత్తు దాటే పైలట్లకు పీడనం నిలిపే సూట్ తప్పనిసరి.

ఇంకా తగ్గిస్తూ పోతే 611 పాస్కల్స్, 0.01 డిగ్రీల దగ్గర మంచు, నీరు, ఆవిరి మూడూ కలిసి ఉంటాయి. దాని కింద ద్రవమే ఉండదు.

పైకి వెళితే, కుక్కర్‌లో పీడనం రెట్టింపై 120 చేరుతుంది. ఆసుపత్రుల్లో పరికరాలు శుద్ధి చేసే ఆటోక్లేవ్ కూడా 121 దగ్గర పనిచేస్తుంది. సముద్రం అడుగున వేడినీటి బుగ్గల దగ్గర 350 డిగ్రీలు దాటిన నీరు కూడా మరగకుండా వస్తుంది, పైన కిలోమీటర్ల లోతు నీరుంది కదా. హద్దు 374 డిగ్రీలు, సముద్రమట్టపు పీడనానికి 218 రెట్లు. అది దాటితే నీటికీ ఆవిరికీ తేడా చెరిగిపోతుంది, మరగడం అనే మాటకే అర్థం ఉండదు.

నీలిమంట | తర్వాతి శనివారం, సాయంత్రం 5:50

ఫలితాలు. అన్నీ పిల్లల చేతే రాయించాను.

నలగ్గొట్టిన మంచులో: సున్నాకు దిగువన 0.4. మూడుసార్లు చూశాం, అదే.

నీళ్ళలో ముంచితే: 97.6 నుంచి 98.2 దాకా ఊగుతూనే ఉంది.

ఆవిరిలో, మూత వదులుగా వేసి: 97.8. ఎనిమిది నిమిషాలు కదల్లేదు!

ఫోన్‌లో పీడనం 951. లెక్క ప్రకారం 98.2 రావాలి. థర్మామీటర్ 0.4 తక్కువ చూపిస్తోందని మంచు చెప్పింది కాబట్టి 97.8కి అది కలిపితే సరిగ్గా 98.2. "పుస్తకమూ తప్పు కాదు, థర్మామీటర్‌ది కొంచెమే తప్పు" అని ఆ పిల్లే బోర్డు మీద రాసింది.

రసాయనశాల | శనివారం, సాయంత్రం 6:30

చాలా సంతోషంగా ఉంది. ఒక్క జాగ్రత్త: సున్నా దగ్గర ఎంత తప్పో వంద దగ్గరా అంతే తప్పుండాలని లేదు. మీ దానికి రెండు చోట్లా ఒకటే అని ఇప్పుడు మీరే రుజువు చేశారు. మధ్యలో కూడా ఆ 0.4 కలుపుకుని ధైర్యంగా వాడుకోండి.

నీలిమంట | మూడు వారాల తర్వాత, మంగళవారం, మధ్యాహ్నం 3:15

పాత చర్చను మళ్ళీ పైకి తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నిన్నటి నుంచి వాయుగుండం వల్ల ఇక్కడ ఒకటే వాన. ఫోన్ 938 చూపిస్తోంది. పిల్లలు రాలేదు, నేనే గిన్నె పెట్టాను. ఆవిరిలో 97.4. సరిచేస్తే 97.8. పీడనం 13 తగ్గింది, మరిగే స్థానం 0.4 తగ్గింది, బాష్పం గారి లెక్కకు అతికినట్టు సరిపోయింది. గిన్నెడు నీళ్ళలో వాయుగుండం కనిపించింది!

ఆ పిల్లకు ఫోన్ చేసి అంకె చెప్పాను. ముసురు వదిలేదాకా రోజూ ఇదే వేళకు కొలిచి రాసిపెట్టమంది. కొలుస్తున్నాను.